అపర భగీరథుడు – ఎల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో బంగాళాఖాతపు అలల ఒడ్డున వెలసిన మత్స్యకారుల గ్రామం భావనపాడు. వేకువనే వలలు భుజాన వేసుకొని కడలిలోకి సాగిపోయే శ్రమజీవులకు కాళ్ళలోని బలమే జీవనాధారం. పడవను నీటిలోకి నెట్టాలన్నా, తడి ఇసుకలో నిలదొక్కుకొని వల లాగాలన్నా కాళ్ళు గట్టిగా ఉండాలి. అటువంటి కాలిని క్రమక్రమంగా ఏనుగు పాదంలా మార్చి, మనిషిని గడప దాటనీయకుండా చేసే వ్యాధి బోదకాలు. కోస్తా ఆంధ్రప్రాంతాన్ని తరతరాలుగా పీడించిన ఈ వ్యాధిని అరికట్టడానికి 2004లో దేశవ్యాప్తంగా సామూహిక ఔషధ పంపిణీ కార్యక్రమం ప్రారంభమైంది. శ్రీకాకుళం వంటి జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి ప్రజలచేత డి.ఇ.సి. మాత్రలు మ్రింగించారు. ఆ మాత్రను చేతిలోకి తీసుకున్నవారిలో అది ఒక తెలుగువాడి సారథ్యంలో లోకానికి అందిన ఔషధమని ఎరిగినవారు బహు కొద్దిమంది. ఆ తెలుగువాడే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు నేటి పశ్చిమగోదావరి జిల్లా భీమవరంలో 1895 జనవరి 12వ తేదీన జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఏడుగురు సంతానంలో అతడు నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం విడువవలసి రావడంతో ఆ కుటుంబాన్ని దారిద్ర్యం చుట్టుముట్టింది. బాల్యంలో సుబ్బారావుకు చదువుమీద కంటె సంపాదనమీదనే మనసు ఉండేది. పదమూడేళ్ళ వయసులో కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలనే తలంపుతో ఇల్లు విడిచి పారిపోగా, పెద్దలు వెదకి వెనుకకు తీసుకువచ్చారు. రాజమహేంద్రవరంలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. చివరకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. కొడుకు చదువు ఆగిపోరాదన్న పట్టుదలతో ఆ తల్లి తన వద్ద మిగిలిన కొద్దిపాటి బంగారాన్ని కూడా వెచ్చించింది. తరువాతి కాలంలో ప్రపంచం గర్వించిన ఆ శాస్త్రవేత్త విద్యాజీవితం వైఫల్యాలతోనే ఆరంభమైందన్న సంగతి గమనింపదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులలో సుబ్బారావు మనస్సు ఆధ్యాత్మికత వైపు మరలింది. సన్న్యసించి రామకృష్ణ మఠంలో చేరాలని తలచాడు. సేవ చేయదలచిన వానికి వైద్యవిద్యను మించిన సాధనం లేదని అక్కడి పెద్దలు హితవు చెప్పారు. ఆ మాట అతనికి నచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రులతో పాటు, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా అతని చదువుకు సాయపడ్డారు. 1919లో సుబ్బారావుకు శేషగిరితో వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమం ఉవ్వెత్తున లేస్తున్న రోజులు. విదేశీ వస్త్రాలను విడనాడమన్న గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్సశాలలోకి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్ళాడు. ఇది శస్త్రవైద్య విభాగపు ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా పరీక్షలన్నీ చక్కగా వ్రాసినా, పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టం మాత్రమే దక్కింది. మద్రాసు వైద్యసేవలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. అప్పుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలో మద్రాసులో నడుస్తున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రాన్ని బోధించే అధ్యాపకుడుగా చేరాడు.

ఈ దశలోనే అతని జీవితాన్ని మలుపు త్రిప్పిన ఘోర విషాదం సంభవించింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి సంగ్రహణి వ్యాధికి గురియై ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకరి వెంట ఒకరుగా మరణించారు. ఉష్ణదేశాలలో కనిపించే ఈ సంగ్రహణిని ఆంగ్లంలో స్ప్రూ అంటారు. తిన్న ఆహారం ప్రేగులలో ఇంకక విరేచనాలై పోతుంది. రక్తం క్షీణిస్తుంది. మనిషి కళ్ళెదుటనే ఎండిన కట్టెలా మారిపోతాడు. వైద్యశాస్త్రం చదివిన సుబ్బారావు చేతిలో ఆనాడు దానికి తగిన మందు లేదు. కొంతకాలానికి ఆ వ్యాధి అతనికీ సోకింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో అతడు బ్రతికి బయటపడ్డాడు. మందు ఎందుకు పనిచేసిందో, వ్యాధి ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలన్న తపన నాటినుండి అతనిని నిలువనీయలేదు. భస్మమైన పితరుల సద్గతి కోసం భగీరథుడు తపస్సు చేసి గంగను నేలకు దింపాడు. ఆ గంగ అతని పితరులను తరింపజేసి అంతటితో ఆగలేదు. కోట్లాది ప్రజల దాహం తీర్చింది. సోదరుల మరణం నుండి పుట్టిన సుబ్బారావు అన్వేషణ కూడా అటువంటిదే.

మామగారి తోడ్పాటుతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన ఆసరాతో సుబ్బారావు సముద్రాలు దాటి, 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగంలో ప్రవేశం లభించింది గాని, విద్యార్థి వేతనం లభించలేదు. మన దేశపు వైద్య పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేసే వీలు లేదు. పగలు చదువుకుంటూ, రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కుదిరాడు. చదువుకున్న వైద్యుడు ఆ పనిచేయడం చిన్నతనమని అతడు భావించలేదు.

ఇంతలో స్వదేశంనుండి మరొక దుర్వార్త వచ్చింది. అతడు దేశం విడిచిన తరువాత జన్మించిన కుమారుడు ఏడాది నిండకుండానే ఎరిసిపెలాస్ అనే చర్మవ్యాధితో కన్నుమూశాడు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చర్మంలో చేరి, ఎర్రని వాపును, తీవ్రజ్వరాన్ని కలిగించే వ్యాధి అది. నేడు సూక్ష్మజీవ నాశకాలతో సులభంగా నయమయ్యే ఆ వ్యాధికి ఆనాడు మందు లేదు. తండ్రి తన బిడ్డ ముఖమైనా చూడలేదు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన పిదప సుబ్బారావు హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధన ప్రారంభించాడు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని రంగు మార్పు ద్వారా కొలిచే సులభమార్గాన్ని ఆ ఇద్దరూ కనుగొని 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది జీవరసాయన శాస్త్రంలో నిలిచిపోయింది. ఆ కొలమానమే వారిని మరింత లోతుకు తీసుకుపోయింది. కండరం పనిచేసేటప్పుడు శక్తి ఎక్కడినుండి వస్తుందన్నది నాటి శాస్త్రవేత్తలను వేధిస్తున్న ప్రశ్న. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అని మనం పిలిచే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వారు కండరాలనుండి వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. సూక్ష్మజీవి మొదలు మనిషి వరకు ప్రతి జీవకణమూ శక్తిని వినియోగించుకొనేది ఈ ఎ.టి.పి. రూపంలోనే. రూపాయి చేతులు మారినట్లు కణంలో శక్తి ఈ అణువు ద్వారా చేతులు మారుతుంది.

1930లో సుబ్బారావుకు డాక్టరేట్ పట్టం లభించింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. తన గురించి తాను చెప్పుకొనే అలవాటు అతనికి ఏనాడూ లేదు. ఆయన చేసిన కృషిలో కొంత భాగం సకాలంలో వెలుగు చూడలేదు. అక్కడ ఆయన సహచరుడుగా ఉండి, తరువాత 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఇతరులు కొన్ని సంవత్సరాల తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని చెప్పాడు.

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్దనున్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులు ఒకే లక్ష్యంతో కలిసి పనిచేసే బృందాలను తీర్చిదిద్దాడు. ఆ తరువాతి ఎనిమిదేళ్ళలో అక్కడనుండి వెలువడిన ఔషధాలు ఒక్కొక్కటి ఒక్కొక్క యుగాన్ని ప్రారంభించాయి.

వాటిలో మొదట చెప్పదగినది ఫోలిక్ ఆమ్లం. ఆకుకూరలలోను, కాలేయంలోను ఉండే ఈ విటమిన్ రక్తకణాల ఉత్పత్తికి అత్యవసరం. సుబ్బారావు నడిపిన బృందం దీని నిర్మాణాన్ని తెలుసుకొని 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. సంగ్రహణి రోగులలో రక్తం క్షీణించడానికి ఈ విటమిన్ కొరతే ముఖ్యకారణమని, దానిని ఇస్తే రోగి తేరుకుంటాడని వైద్యులు నిరూపించారు. అన్నదమ్ములను పోగొట్టుకున్న వ్యాధికి మందు అతని ప్రయోగశాల నుండే వచ్చింది. కాని ఆ మందు అవసరమైన ఆ ఇద్దరూ అప్పటికే లేరు.

ఫోలిక్ ఆమ్లం కణాల వృద్ధికి తోడ్పడుతుంది. అయితే మితిమీరి వృద్ధి చెందే క్యాన్సర్ కణాలకు దానిని అందకుండా చేస్తే ఏమవుతుందన్న ఆలోచన నుండి మరొక ఔషధం పుట్టింది. ఫోలిక్ ఆమ్లం వలె కనిపిస్తూ దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను లెడర్లీ బృందం తయారుచేసి బోస్టన్‌లోని బాలవైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించింది. రక్తక్యాన్సర్ సోకిన పదహారుమంది పిల్లలకు దానిని ఇవ్వగా పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ చికిత్సలోను, కీళ్ళవాత చికిత్సలోను వాడుకలో ఉంది.

రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులలో వేలాదిమందికి ఫైలేరియా సోకింది. బోదకాలుకు మూలకారణం ఇదే. ఇది బాక్టీరియా వల్లనో వైరస్ వల్లనో వచ్చేది కాదు. దారంవంటి సన్నని పురుగులు మానవ శరీరంలోని శోషరస నాళాలలో నివసించి, లక్షలాది సూక్ష్మ శిశుక్రిములను రక్తంలోకి విడుస్తాయి. ఈ శిశుక్రిములు పగలు శరీరపు లోపలి భాగాలలో దాగి, రాత్రివేళ చర్మం దగ్గరి రక్తనాళాలలోకి వస్తాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రి కుట్టినప్పుడు వాటిని పీల్చుకొని మరొకరికి చేరవేస్తుంది. ఫైలేరియా పరీక్షకు రాత్రివేళ రక్తం తీయడానికి కారణం ఇదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకు రెండు దశాబ్దాల ముందే ఫైలేరియా క్రిమిని దోమ గ్రహిస్తుందని ప్యాట్రిక్ మేన్సన్ గుర్తించాడు. కారణం తెలిసి ఏళ్ళు గడిచినా సరియైన మందు మాత్రం దొరకలేదు. సుబ్బారావు పర్యవేక్షణలో రెడ్జినల్ హ్యూయిట్ మొదలైనవారు వందలాది రసాయనాలను జంతువులపై పరీక్షించి, 1947లో హెట్రజాన్ అనే ఔషధాన్ని వెలుగులోకి తెచ్చారు. డి.ఇ.సి. అన్నది దాని రసాయన నామానికి సంక్షిప్తరూపం. ఇది రక్తంలోని శిశుక్రిములను నశింపజేస్తుంది. దోమకు అందడానికి క్రిములు లేనప్పుడు వ్యాధి ఒకరినుండి ఒకరికి ప్రాకదు. అందుకే వ్యాధి ఉన్న ఊళ్ళలో పసిపిల్లలు, గర్భిణులు, తీవ్ర రోగపీడితులు మినహా అందరూ దీనిని మ్రింగాలి. ఒకసారి బాగా వాచిపోయిన కాలు ఈ మాత్రతో పూర్వరూపం పొందదు. కాలు వాచకముందే దాని ప్రయోజనం.

సుబ్బారావు కాలంలోని మరొక మహత్తర విజయం ఆరియోమైసిన్. పెన్సిలిన్ అప్పటికే లక్షలాది ప్రాణాలు కాపాడుతున్నా, అది లొంగదీయలేని సూక్ష్మజీవులు అనేకం మిగిలిపోయాయి. వాటికి విరుగుడు మట్టిలోని సూక్ష్మజీవులలో దొరకవచ్చునని సుబ్బారావు విశ్వసించాడు. విశ్వవిద్యాలయంనుండి విశ్రాంతి తీసుకొని డెబ్బై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌కు ఈ అన్వేషణ అప్పగించాడు. మూలిక ఏదో గుర్తించలేక హనుమంతుడు పర్వతాన్నే పెకలించి తెచ్చిన చందాన, వారు అనేక ప్రాంతాల మట్టిని తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక వ్యవసాయక్షేత్రపు మట్టిలో, బూజువలె అల్లుకొని పెరిగే ఒక బాక్టీరియా కనిపించింది. దాని పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. అది స్రవించే బంగారు వన్నె పదార్థానికి ఆరియోమైసిన్ అని పేరుపెట్టి 1948లో లోకానికి వెల్లడించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఇదే ఆదిపురుషుడు.

ఈ ఔషధం పనిచేసే తీరు విశేషమైనది. బాక్టీరియా బ్రతకాలంటే నిరంతరం ప్రొటీన్లు తయారుచేసుకోవాలి. ఆ పనిచేసే రైబోసోములకు టెట్రాసైక్లిన్ అంటుకొని ఉత్పత్తిని స్తంభింపజేస్తుంది. అందువల్ల అనేక రకాల బాక్టీరియాలు దీనికి లొంగుతాయి. టైఫస్ జ్వరాలను కలిగించే రికెట్సియాలు, ప్లేగు క్రిములు కూడా వాటిలో ఉన్నాయి. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు ప్రజలు ఆశ్రయించింది టెట్రాసైక్లిన్‌నే. పొదలలో, పొలాలలో ఉండే నల్లివంటి చిన్నపురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్‌కు నేడు వైద్యులు ఇచ్చే డాక్సిసైక్లిన్ కూడా ఆ కుటుంబానిదే. అయితే వైరస్‌లకు సొంత రైబోసోములు లేవు. కనుక జలుబు, ఫ్లూ వంటి వైరస్ వ్యాధులపై ఈ మందులు పనిచేయవు. తామర వంటి శిలీంధ్ర వ్యాధులకు వేరే మందులు కావాలి. ఈ భేదం తెలియక ప్రతి జ్వరానికీ సూక్ష్మజీవ నాశకాలను వాడడం వల్ల మందులకు లొంగని బాక్టీరియాలు పెరుగుతున్నాయి. ఎన్నో ఏళ్ళ తపస్సుతో లభించిన ఆయుధం మన అజాగ్రత్త వల్ల మొద్దుబారే ప్రమాదం ఏర్పడింది.

ఆరియోమైసిన్ వెల్లడైన కొద్దిరోజులకే, 1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడు సంవత్సరాలు. ఇరవైఆరేళ్ళు అమెరికాలో ఉన్నా ఆయన ఆ దేశపు పౌరసత్వం పొందలేదు. స్వదేశానికి తిరిగి రానూ లేదు. కొద్ది సంవత్సరాలలో వస్తాడని ఎదురుచూచిన శేషగిరమ్మకు ఉత్తరాలు వచ్చాయి గాని భర్త రాలేదు. లోకానికి ఆయన ఇచ్చిన ప్రాణదానానికి ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. సుబ్బారావు జీవితాన్ని స్మరించేటప్పుడు ఆ నిశ్శబ్ద త్యాగాన్ని విస్మరించరాదు.

నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. బ్రతికి ఉండగా మాతృదేశం ఆయనను గుర్తించలేదు. మరణానంతరం 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టాడు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఆయన పేరు తెలియకపోయినా, ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకొనే గర్భిణి, మెథోట్రెక్సేట్‌తో కోలుకొనే పసివాడు, డి.ఇ.సి. మ్రింగే మత్స్యకారుడు ఆయన కృషిఫలాన్ని అనుభవిస్తూనే ఉన్నారు.

మూడుసార్లు మెట్రిక్యులేషన్ వ్రాసిన విద్యార్థి, పూర్తి పట్టానికి నోచుకోని వైద్యుడు, పరదేశంలో మలపాత్రలు కడిగిన పనివాడు — ఈ మూడు దశలలో ఏ ఒక్కదానివద్ద సుబ్బారావు ఆగిపోయినా ఆ గంగ నేలకు దిగి ఉండేది కాదేమో! ఔషధం కనుగొనడం శాస్త్రజ్ఞుని పని. దానిని నిర్లక్ష్యం చేయక స్వీకరించడం, మురుగునీరు నిలువనీయక దోమలను అరికట్టడం ప్రజల పని. మన తీరగ్రామాలలో పుట్టే బిడ్డ ఒక్కడికి కూడా బోదకాలు రాని నాడు, ఆ మహనీయుని తపస్సు సంపూర్ణంగా ఫలించినట్లు.